తింటూ చెప్పిన మాట

1986 ఆగస్టు తొమ్మిది, శనివారం. దక్షిణాఫ్రికాలో డర్బన్ పక్కనున్న క్వామాషు కమ్యూనిటీ హాలు వెనక నేల మీద కూర్చుని నాటక బృందం వాళ్లంతా పొడిపొడిగా వండిన మొక్కజొన్న సంకటిలో పులిసిన చిక్కటి పాలు పోసుకుని తిన్నారు. దర్శకుడు బెకానీకి ఆ రోజు, ఆ తిండి ఇప్పటికీ గుర్తే.

అతని నాటకాలు కాగితం మీద పుట్టేవి కావు. నటులు గుండ్రంగా కూర్చుని తమ బతుకులు చెప్పుకుంటే, వాటిని అతను సీన్లుగా కట్టేవాడు. ఒక్క నియమం మాత్రం తనే పెట్టాడు. రిహార్సల్లో చెప్పింది నాటకానిది, కంచం ముందు చెప్పింది ఎవరిది వారిదే. ఆ భరోసాతోనే అందరూ నిశ్చింతగా తినేవారు.

ఆ శనివారం జోడ్వా అనే నటి బెకానీ పక్కన కూర్చుని అతనికి మాత్రమే వినబడేలా చెప్పింది. పోలీసులు వీధిలో వ్యాను ఆపి, లోపల నెత్తురోడుతున్న కుర్రాణ్ణి చూపించి, "వీణ్ణి ఎరుగుదువా?" అని అడిగారట. వాడు ఆమె తమ్ముడు లుంగిసానీ. భయంతో ఆమె "ఎరగను" అంది. కొన్నాళ్లకు శవాన్ని అప్పగించారు. అమ్మకు ఈ మాట తెలీదు.

బెకానీ దాన్ని నాటకంలో పెట్టాడు. తిరగేసి పెట్టాడు. కుర్రాడి పేరు మార్చలేదు గానీ, అందులో అక్క వ్యానుకు అడ్డం పడి "వాడు నా తమ్ముడు!" అని అరుస్తుంది. ఆ వేషం జోడ్వాకే ఇచ్చాడు. కాదంటే అందరి ముందూ కారణం చెప్పాలి. ఆమె నోరు మూసుకుని వేసింది. మొదటి ఆటలో ఆమె తల్లి అదే నిజమని నమ్మి, వేదిక మీదికెక్కి కూతుర్ని కావలించుకుంది. ఆ వారమే జోడ్వా నాటకాలు మానేసింది. ఆ కేక మాత్రం లండన్ దాకా వెళ్లింది. బెకానీకి పేరు తెచ్చింది, బహుమతులు తెచ్చింది.

ఇన్నేళ్ల తర్వాత డర్బన్‌లో పెద్ద థియేటర్ వాళ్లు ఆ నాటకం మళ్లీ వేయిస్తున్నారు. జోడ్వాను పిలవమని అతన్ని ఆమె ఇంటికి పంపారు.

"టోపీ చూసి మంత్రిగారేమో అనుకున్నా!" అంది జోడ్వా చిక్కుడు గింజలు ఏరుతూ. "కూర్చో అన్నా. ఆ కుర్చీ వద్దు, అదీ నీలాగే కుంటుతోంది."

"శుక్రవారం ఆట చెల్లీ. నిన్ను వేదిక మీదికి పిలుస్తామంటున్నారు."

"ఏం చేశానని?"

బెకానీ వేరే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చర్చిలో నాకు ముందు బెంచీ ఇస్తారు, తెలుసా? పోలీసులకి ఎదురు నిలిచినదాన్నట. అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, 'వాడు దిక్కులేనివాడిలా పోలేదు, నువ్వు ఉన్నావు' అంది. నిజం చెప్పేద్దామనుకున్నా. నీ నాటకం చెప్పనిచ్చిందా?"

బెకానీ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "జరిగింది జరిగినట్టు తిరగరాస్తాను."

"అప్పుడు అబద్ధాన్ని ఆడించావు, ఇప్పుడు నిజాన్ని ఆడిస్తావా? రెండుసార్లూ చప్పట్లు నీకే!"

ఆమె గొంతు పెంచలేదు. టీ కప్పు అతని ముందుకు జరిపింది. తిట్టినా అతనికి కాస్త సులువుగా ఉండేది.

"మరేం చెయ్యను?"

"ఆ సీను తీసెయ్. నా తమ్ముణ్ణి నాకు వదిలెయ్."

ఆ సీను లేకపోతే నాటకమే లేదు. ఆ నాటకం లేకపోతే బెకానీ ఎవరో ఎవరికీ తెలీదు. టీ చల్లారిపోయింది. అతను ఫోన్ తీసి, ఆమె ఎదుటే థియేటర్ మేనేజరు తెంబేకాకు చేశాడు.

"నాటకం ఆపేస్తున్నాను తల్లీ. ఇక ఎప్పటికీ ఎవరూ ఆడకూడదు."

"పరాచికాలా బాబా? టికెట్లన్నీ అయిపోయాయి! జనానికి ఏం చెప్పమంటారు?"

ఆ ప్రశ్న వినబడి జోడ్వా చేతిలో గింజలు ఆగిపోయాయి. ఆమె కళ్లలో భయం చూశాడు. వ్యాను ముందు నిలబడినప్పుడు కూడా ఇలాగే చూసి ఉంటుంది.

"ముసలాడికి మతి పోయిందని చెప్పు," అన్నాడు బెకానీ. "నిజంగానే అలా చెప్పు."

ఫోన్ పెట్టేశాక జోడ్వా మళ్లీ గింజలు ఏరసాగింది. క్షమించమని అడగడానికి అతనికి సిగ్గేసింది. ఆమె కూడా క్షమించానని అనలేదు.

"చీకటి పడుతోంది. టాక్సీలు దొరకవు, బయల్దేరు," అంది చివరికి. "దారిలో రాళ్లున్నాయి, చూసి నడు."

అతను మెట్లు దిగాడు. వెనక నుంచి ఇంట్లో వెలుగు దారి మీద పడుతోంది. అతను మలుపు తిరిగేదాకా ఆ వెలుగు అక్కడే ఉంది. తర్వాత మెల్లగా సన్నబడింది. జోడ్వా చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.