మహిళల అభ్యంతరం

కమిటీ వాళ్లు వెళ్లిపోయాక తొమ్మిది కప్పులు కడిగాను. అందులో ఒకటి నాదే. పన్నెండేళ్లుగా మా ఇంటి ముందు గదిలో జరుగుతున్న మీటింగుల్లో నేను కూర్చుని టీ తాగడం అదే మొదటిసారి. కప్పు కడుగుతుంటే మొహం మండిపోయింది. చేసిన పని అలాంటిది.

మా ఆయన పార్టీకి వార్డు కార్యదర్శి. టీ నేనే పెడతాను, మీటింగులో అనుకున్నవి పుస్తకంలో రాసేదీ నేనే. ఇన్నేళ్లలో వాళ్లు నా అభిప్రాయం అడిగింది పంచదార గురించే. ఈసారి మా వార్డు సీటు ఆడవాళ్లకి కేటాయించారు. తనని పోటీకి నిలబెట్టమంటూ దరఖాస్తు ఒక్కటే వచ్చింది, రైలు కట్ట అవతల ఉండే దర్జీ ఆవిడ నుంచి. వాళ్ల తాతలు పని కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో వేరే భాష, మనతో మాట్లాడితే వేరే యాస. వార్డులో సగం ఓట్లు వాళ్లవే, కౌన్సిల్లో మాత్రం ఇప్పటిదాకా వాళ్లలో ఒక్కరూ లేరు. నా జాకెట్లన్నీ ఆవిడే కుడుతుంది.

అందరూ నేలచూపులు చూస్తుంటే అధ్యక్షుడు నా వైపు తిరిగి, "మీరేమంటారమ్మా? మీరూ ఆడవాళ్లేగా," అన్నాడు. నన్ను అడిగారు! ఆ సంబరంలో, వాళ్లకి ఏ జవాబు కావాలో ఇట్టే పసిగట్టి, "మనిషి మంచిదేనండీ. ఆ యాసతో కౌన్సిల్లో లేచి మాట్లాడితే నవ్విపోతారేమో," అన్నాను. అందరూ హాయిగా నవ్వారు. "చూశారా, ఆడవాళ్లే ఒప్పుకోవట్లేదు," అన్నాడాయన. పావుగంటలో అభ్యర్థిగా నా పేరు ఖాయమైంది. "నువ్వు ఊరికే కూర్చో, మిగతాదంతా నేను చూసుకుంటా," అన్నారు మా ఆయన. అత్తగారైతే ఫోన్లో ఆడపడుచుకి, "పేరు దానిది, పని నా కొడుకుది," అని మురిసిపోయింది. పుస్తకంలో "స్థానిక మహిళల అభ్యంతరం మేరకు" అని రాశాను. ఆ మహిళలు నేనొక్కదాన్నే. సిగ్గులేనిదాన్ని, అక్షరాలు గుండ్రంగా కూడా రాశాను.

నామినేషన్ కాగితం మీద వార్డు ఓటర్లు పదిమంది సంతకం చేయాలి. వారం తర్వాత, గడువుకి ఒక్కరోజు ముందు, దర్జీ ఆవిడే ఆ కాగితం పట్టుకుని మా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మీ ఆయన ఇచ్చెళ్లారక్కా. పదీ మా వీధివే. మొదటిది నాది."

ఆ సంతకం చూశాక దాచుకోలేకపోయాను. "ఆ రోజు నిన్ను వద్దన్నది నేనే," అన్నాను.

"తెలుసక్కా. 'నాకేం అభ్యంతరం లేదు, మా ఆవిడే వద్దంది' అని మీ ఆయన అప్పుడే చెప్పారు. నా యాస గురించి కూడా చెప్పారు."

"తెలిసి తెలిసి ఎందుకు పెట్టావే సంతకం?"

"ఇంకో కాగితం మా వీధికి ఎవరు తెచ్చారని?"

తిట్టినా బాగుండేది. నేను గడగడా మొదలుపెట్టాను. ఇది చించేస్తాను, ఇంకా ఇవ్వలేదు కాబట్టి ఈ సంతకాలు చెల్లవు, కొత్త కాగితం నేనే వెళ్లి తెస్తాను, నీ పేరు రాస్తాను, పార్టీ ఒప్పుకోకపోతే సొంతంగా నిలబడు, మొదటి సంతకం నాది...

"అక్కా," అంది ఆవిడ, మెల్లగానే. "ఆ రోజూ నన్ను అడగలేదు. ఇప్పుడూ అడగట్లేదు."

మంచితనంలో కూడా నేను మా ఆయనలాగే మాట్లాడుతున్నాను. కుర్చీ లాగి ఆవిడని కూర్చోమన్నాను. ఎదురుగా నేనూ కూర్చుని, "నిలబడతావా?" అని అడిగాను.

ఆవిడ కాగితం మీద తన సంతకం ఒకసారి చూసుకుంది. తొందరపెట్టలేదు నేను.

"నిలబడతాను. పార్టీ లేకపోయినా సరే. మాట్లాడేది మాత్రం ఇలాగే, నా యాసలోనే."

ముందు గదిలోంచి మా ఆయన కేకేశారు. "ఏమోయ్, సంతకం పెట్టేశావా?"

"ఇంకా లేదండీ," అన్నాను. "కొత్త కాగితం తేవడానికి వెళ్తున్నాం. పెడతాను, ఆవిడ పేరు కింద."