రెప్ప మీది నీలం

నేలలో గుంతలు తవ్వి రత్నాలు తీసే రత్నపురలో వానాకాలం సాయంత్రాలు సోమలత ఇంటి గుమ్మంలో ఎవరో ఒకరు రాయి పట్టుకుని కూర్చునే ఉంటారు. ఆవిడ దాన్ని మూసిన రెప్ప మీద పెట్టుకుంటుంది. గాజైతే ఇట్టే వెచ్చబడుతుంది. అసలు రాయైతే చల్లగానే ఉంటుంది, అది పుట్టిన గుంతలోని నీళ్ళు రెండు చుక్కలు ఆ కంట్లోంచి కారతాయి. అందుకే వచ్చేవాళ్ళు కొబ్బరిచిప్ప కూడా తెచ్చుకుంటారు.

ఆ రోజు గుంత యజమాని పొడిఅప్పు నీలంరాయి తెచ్చాడు.

"పాత గుంతలోది, సోమలతా. నువ్వు ఊఁ అంటే పొద్దున్నే నీ మొగుడు దిగుతాడు."

"త్వరగా చూడవే," అన్నాడు ఆ మొగుడు జినదాస, బెల్లం కొరుక్కుని టీ తాగుతూ. అతని మణికట్టుకి బౌద్ధ విహారంలో రక్షగా కట్టించుకున్న తెల్లదారం ఉంది. అది తెగితే నిన్ననే సోమలత నీలం దారంతో ముడేసింది.

ఆవిడ రాయి పెట్టుకుంది. చలి పుర్రెలోకి దిగింది. రెండు చుక్కలు కాదు, గుంత మొత్తం పైకి పొంగుతోంది, గోడలకి దన్నుగా పెట్టిన చెక్కలు విరుగుతున్నాయి. గుంతలో దిగబోయేవాడితో వద్దు అనకూడదు, ఆడది గుంత దరిదాపులకి పోకూడదు, అది అక్కడి ఆచారం. అసలు రాయిని గాజు అంటే ఆ కన్ను పోతుందని వాళ్ళమ్మ చెప్పింది.

ఆవిడ కన్ను బిగించి మూసింది.

"గాజు."

పొడిఅప్పు చిప్పలోకి తొంగి చూశాడు. చుక్క లేదు. "దీనికోసమా వానలో తడిసి చచ్చాను!" అని రాయిని కాలవలోకి విసిరేసి వెళ్ళిపోయాడు.

తెల్లారినా సోమలత ఆ కన్ను తెరవలేదు.

"ఏంటే, నాకు కన్ను కొడుతున్నావా?" అన్నాడు జినదాస.

ఆవిడకి నవ్వు రాలేదు. అంతలో వీధిలో కేకలు. పాత గుంత కూలిందట, నీళ్ళు అంచుదాకా వచ్చాయట, లోపల ఎవరూ లేరట.

అప్పుడు తెరిచింది. పచ్చటి బురదనీళ్ళు చిప్ప నింపి, బిందె నింపి, గచ్చంతా పారాయి. చివర్లో ఓ తెల్లదారం జారిపడింది, నీలం ముడితో.

జినదాస తన మణికట్టు తడుముకున్నాడు. దారం అక్కడే ఉంది.

"ఆ కంటికి నేను కనిపిస్తున్నానా?"

"లేదు," అంది సోమలత, రెండో కంటితో అతన్ని తనివితీరా చూస్తూ. "టీ చల్లారిపోతోంది, తాగండి."