ఫోన్ లేని పెద్దమనిషి

అప్పలనరసమ్మ టీ దుకాణంలో కరెంటు తిరిగొచ్చిన మరుక్షణం గోడ మీది స్పీకరు తనంతట తానే మేలుకుని, వింటే బర్మా సైనిక ప్రభుత్వం జైల్లో వేసే వార్తల్ని వీధి చివరిదాకా వినిపించడం మొదలుపెట్టింది.

బర్మా భాషలో ఆడగొంతు. ఎక్కడో పోరు, ఎవరో చనిపోయారు, ఏదో రోడ్డు మూశారు. పదిహేను సెకన్లు. నరసమ్మ పెనం వదిలేసి పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకేసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. మూడో బల్ల దగ్గర వార్డు ఆఫీసు మనిషి కో థాన్ సమోసా తింటున్నాడు. నమలడం కూడా ఆపలేదు.

"నాలుగింటికి మళ్ళీ వస్తాను. అది ఎవరి ఫోనో నాకు పేరు కావాలి. లేదంటే నీ షట్టరు నేనే దించుతాను" అన్నాడు బర్మా భాషలో, మూతి తుడుచుకుంటూ.

అతను పబేడాన్ పేట జనంలో కలిసిపోయేదాకా దుకాణంలో ఎవరూ కప్పు ఎత్తలేదు.

అందరికంటే ముందు లేచినవాడు ఆంజనేయప్రసాద్. బట్టల దుకాణం కొడుక్కి అప్పగించి, పదేళ్ళుగా ఇక్కడి కిటికీ బల్లని సింహాసనం చేసుకున్న పెద్దమనిషి. చేతిలో బటన్ల ఫోను, చెవిలో చెవుడు మిషను. స్మార్టుఫోను పట్టుకున్నవాడు కనిపిస్తే చాలు, అన్నంలో పురుగుని చూసినట్టు చూసేవాడు. "మీకు ఫోను చెప్పాలి. నాకు గాలి చెబుతుంది" అనేవాడు. నిజంగానే ఏ వంతెన మూశారో, ఏ సరుకు ఆగిపోయిందో అందరికంటే ముందు ఆయనే చెప్పేవాడు. పాటల విషయంలోనూ అంతే. ఎవరూ వినని పాటేదో కూనిరాగం తీసి, "మా నాయనమ్మ బియ్యం చెరుగుతూ పాడేది. మా ఇంట్లో తప్ప లోకంలో ఎక్కడా లేదు" అనేవాడు. జనం నోళ్ళు తెరుచుకుని వినేవారు. తెరిచిన నోళ్ళంటే ఆయనకి టీ కంటే ఇష్టం.

"ఇందులో ఆలోచించడానికేముంది? స్పీకర్లో పాటలు వేసేది ఎవరు? మణిమాల. ఆ పేరే చెప్పండి. ఒక్క పిల్ల పోతే దుకాణం నిలుస్తుంది" అన్నాడు ప్రసాద్.

మణిమాల ఊరి అవతల లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీ పని పోయాక ఈ దుకాణం గుమ్మంలో చిన్న బల్ల వేసుకుంది. వచ్చినవాళ్ళ ఫోన్లలో పాటలు నింపుతుంది. ఆ మాట వినగానే ఆమె చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది.

"నా ఫోను రాత్రే చచ్చింది, ఊ ప్రసాద్." ఊ అంటే ఇక్కడ పెద్దవాళ్ళకిచ్చే మర్యాద. ఆ క్షణంలో కూడా ఆమె దాన్ని తీసెయ్యలేదు. "చూడండి, చార్జీ లేదు. ఇది వార్తలెలా చదువుతుంది?"

"ఇప్పుడే ఆపేసి ఉంటావు. ఫ్యాక్టరీ పిల్లల తెలివితేటలు మాకు తెలీవా?"

"ఏటి బావూ, గుంట పేరు సెప్పీడానికి నీకంత ఆత్రం దేనికి?" అంది నరసమ్మ.

"ఏమిటమ్మా? వినపడలేదు" అన్నాడు ప్రసాద్ చెవి మిషను సర్దుకుంటూ. నచ్చని మాటలు ఆ మిషనుకి ఎన్నడూ వినపడవు.

మణిమాల నరసమ్మ వైపు తిరిగింది. "ఆంటీ, స్పీకరు ఆరిపోయి మళ్ళీ వెలిగితే, ఇదివరకు వైరు లేకుండా తనతో కలిసిన ఫోన్ని వెతుక్కుంటుంది. రోజూ నాదే ముందు దొరికేది. ఇవాళ నాది చచ్చింది కాబట్టి ఇంకోదాన్ని పట్టుకుంది. ఎవరో చెవిలో పెట్టుకుని వింటున్నది గోడ మీద మోగింది. ఆ ఫోను ఈ గదిలోనే ఉంది."

"నాది కాదొలే. దాన్నిండా నా మనవరాలి ఏడుపే. ఇంకేటీ నేదు" అన్నాడు ముసలి దండాసి. అహ్లోన్ రేవులో నలభై ఏళ్ళు మూటలు మోసినవాడు.

నరసమ్మ షట్టరు సగం దించింది. పెద్ద పళ్ళెం తెచ్చి మధ్య బల్ల మీద పెట్టింది. "ఫోన్లన్నీ ఆపీసి ఇందులో ఎయ్యండి."

ఒక్కొక్కటే పడ్డాయి. ప్రసాద్ తన బటన్ల ఫోన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి అన్నిటి మీదా పెట్టాడు. "ఇదీ నా ఆస్తి. పాపం, దీనికి పాడడం కూడా రాదు."

ఇద్దరు నవ్వారు. అలవాటు మరి.

మణిమాల స్పీకరు శబ్దం బాగా తగ్గించి ప్లగ్గు పెట్టింది. నీలం దీపం రెండుసార్లు కొట్టుకుంది. స్పీకర్లోని దొరసాని గొంతు "కనెక్టెడ్" అంది.

పళ్ళెంలో ఒక్క ఫోనూ వెలగడం లేదు.

"ఎవలి బొడ్డులోనో ఇంకోటుంది" అన్నాడు దండాసి.

"ఒంటి మీద సోదాలా? ఛీ! మనం పరువున్నవాళ్ళం" అన్నాడు ప్రసాద్. ఫ్యాను తిరుగుతున్నా ఆయన మెడ తడిసింది.

"సోదా అక్కర్లేదు" అంది మణిమాల. "భయపడి వార్తలు మూసేసి ఉంటారు. మూసేశాక ఆ ఫోన్లో అడుగున ఏం మిగిలిందో వింటే చాలు."

స్పీకరు మీద పాట మొదలుపెట్టే మీట నొక్కింది.

డ్రమ్ములు మోగాయి. కీబోర్డు అందుకుంది. ఎవరో కుర్రపిల్ల గొంతెత్తింది. తెలుగు పాట. మొదటి వరుస పూర్తవకముందే దండాసి తలెత్తాడు. ఆ వరస పోయిన ఆదివారం ఇదే దుకాణంలో విన్నాడు. అందరూ విన్నారు. లోకంలో ఒకే ఒక్క ఇంట్లో ఉన్న పాట అది.

"ఓలమ్మా, పెసాదుబాబు నాయనమ్మ! బియ్యం సెరుగుతుంటే ముసిల్దానికి డ్రమ్ములెవులు వాయించీవోరో?" అన్నాడు దండాసి.

తలలన్నీ కిటికీ బల్ల వైపు తిరిగాయి. ప్రసాద్ చెయ్యి చెవి దగ్గరికి పోయింది. చెవుడు మిషనుని పీకి గుప్పిట్లో దాచబోయాడు.

"అది చెవుడు మిషను కాదు ఆంటీ. ఫోన్లో పాటలు వినే ఇయర్‌బడ్" అంది మణిమాల. "నేను రోజుకి పది చూస్తాను."

ప్రసాద్ లుంగీ ముడిలోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. బట్టల దుకాణం పెద్దమనిషి, పదేళ్ళ జ్ఞాని, అరచేతిలో పట్టే డబ్బాగా తేలాడు.

"నాలుగింటికి కో థాన్ వత్తాడు." నరసమ్మ గొంతు పెంచలేదు. ఇక పెంచక్కర్లేదు. "ఏ పేరు సెప్పమంటావు?"

తెరిచిన నోరు ఒక్కటైనా ఉందేమోనని ఆయన చుట్టూ చూశాడు. అన్నీ మూసే ఉన్నాయి. ఆ నాజూకు భాష, ఆ గాంభీర్యం ఎటు పోయాయో పోయాయి.

"నా పేరే చెప్పు, నరసమ్మా. ఫోను నాదే. ఇక్కడెవరూ చూడకూడదని లైంగ్‌థార్యార్ దాకా బస్సులో పోయి కొన్నాను. నిషేధం దాటించే యాప్ కూడా అక్కడే పెట్టించాను. మీ మధ్యన కూకుని చెవుడు నటిస్తూ వార్తలు విన్నాను. అయిదు నిమిషాలాగి గాలి చెప్పిందన్నాను. ఒక పాట అయితే ఆ ఫోనే ఇంకోటి తోసేది. బాగున్నవన్నీ నాయనమ్మకి అంటగట్టాను. ఆవిడ పాడగా నేనెప్పుడూ వినలేదు. పోయిన నెల దుకాణంలో ఎవరూ లేనప్పుడు, ఈ పాట పెద్ద శబ్దంలో ఎలాగుంటాదో చూద్దామని స్పీకరుకి కలిపాను. అదే కొంప ముంచింది. మణిమాల పేరెందుకు చెప్పానంటావా? ఆ గుంట పోతే నాకేటి పోతాది? ఫోనుందని తెలిస్తే మాత్రం నేనూ మీలాటోడ్నే అయిపోతాను కదా. జైలుకి పొమ్మంటే పోతాను. వార్తలు విన్నానని కో థాన్‌కి చెప్పేయ్. కానీ, నీకు దండం పెడతాను, ఆ పాట మా నాయనమ్మది కాదని మాత్రం బయట ఎవరికీ చెప్పకు."