రెండు ఎడమచేతుల చొక్కా

మా వదిన తాళం వల్ల చచ్చిపోయింది. గుండె వల్ల అని కంపెనీ చెప్పింది, డాక్టరు చేత కూడా చెప్పించింది. గుండె అందరికీ ఉంటుంది. పనివేళల్లో వెనక తలుపుకి తాళం మాత్రం మా చొక్కాల కంపెనీలోనే ఉంది. పనిచేసే వాళ్ళూ, చదువుకునే పిల్లలూ చదువుతారనే ఇది రాస్తున్నాను. అందుకని అసలు సంగతి ముందే చెప్పేశాను.

వదిన కఫ్‌లు కుట్టేది. నేను కాలర్లు కుడతాను. ఆ రోజు మధ్యాహ్నం రేకుల కప్పు కింద హాలు ఉడికిపోతోంది. తెల్లబట్ట మీద దుమ్ము పడుతుందని ఫ్యాన్లు కట్టేశారు. వదిన మిషను ఆపి, సూపర్‌వైజరుతో "ఊపిరి ఆడట్లేదు సార్, ఒక్కసారి బయట నిలబడి వస్తాను" అంది. ఆ సూపర్‌వైజరు మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది. అందుకే మేమంతా అతన్ని 'ఈల' అంటాం.

"షిఫ్టు అయ్యాక బోలెడంత గాలి. ఎంత కావాలంటే అంత పీల్చుకో" అన్నాడు ఈల. తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు కూడా.

కాసేపటికి వదిన స్టూలు మీంచి జారి పడింది. వెనక తలుపు ఆమె మిషను పక్కనే ఉంది. తాళం చెవి మేనేజరు దగ్గర, మేనేజరు భోజనానికి వెళ్ళాడు. మేం నలుగురం ఆమెను ఎత్తుకుని, మిషన్ల సందుల్లో తగులుకుంటూ, హాలంతా దాటి ముందు గేటుకి మోసుకొచ్చాం. గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. చొక్కాలు దాచుకుపోతామని బయటికెళ్ళే ప్రతి ఆడదాన్నీ వెతుకుతారు. వెతికే ఆవిడ కూడా భోజనానికే వెళ్ళింది.

"మనిషి పోతోంది, తప్పుకో!" అని అరిచాను.

"నా ఉద్యోగం పోతుందమ్మా, ఒక్క నిమిషం ఆగండి, వచ్చేస్తుంది" అన్నాడు. అతనూ మాలాంటివాడే, కడుపు చేతపట్టుకుని వచ్చినవాడే. అయినా ఆ నిమిషాన్ని నేను క్షమించలేదు. వెతికే ఆవిడ వచ్చేసరికి వదిన గేటు పక్క బల్ల మీద చనిపోయి ఉంది. అప్పుడు కూడా వెతికారు. ఆమె దగ్గర ఒక చేతిరుమాలు దొరికింది.

మా అన్నయ్య గోదాములో మూటలు మోస్తాడు. ఇంట్లో పొయ్యి వెలగాలి. దారాలు కత్తిరించే పనిలో ఉన్న వాళ్ళ అమ్మాయిని, అంటే నా మేనకోడలిని, కంపెనీ కఫ్‌ల వరసకి మార్చింది. అదే మిషను, అదే స్టూలు, పక్కన అదే తాళం. ఆ పిల్ల తల వంచుకుని కుడుతుంటే నాకు చేతులు ఆడేవి కావు. ఆ తాళం ఊడకపోతే ఏదో ఒక రోజు దీన్ని కూడా అలాగే మోసుకెళ్తానని నాకు తెలుసు. నేను ఆ తర్వాత చేసిందంతా ఆ భయంతోనే చేశాను.

ఏం చెయ్యాలన్నా ముందు పదిమందిమి ఒకచోట కూర్చోవాలి. అదే కుదరదు. సంఘం అన్న మాట నోట వస్తే పని పోతుంది. వీధిలో నలుగురు ఆడవాళ్ళు నిలబడి మాట్లాడుకుంటే పోలీసు జీపు వచ్చి ఆగుతుంది. పాటలు పాడుకున్నా, కుట్టుపనులు నేర్చుకున్నా మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఆడవాళ్ళు సూది పట్టుకుని కూర్చుంటే ప్రభుత్వానికి కూడా నిద్ర బాగా పడుతుంది.

మా వీధి చివర టైలరు తాత మూతపడిన కొట్టు ఉంది. తాతకి చూపు మందగించింది. కొట్టులో ఒక కాలి మిషను, పగిలిన అద్దం, బల్ల మిగిలాయి. క్లబ్బు పెట్టుకుంటాం, గది ఇస్తావా అని అడిగాను.

"మీ కంపెనీ వచ్చే కదా నా కొట్టు మూతపడింది. మీకు గదిస్తే వాళ్ళకి ఒళ్ళు మండుతుందా?" అన్నాడు.

"మండుతుంది తాతా."

"అయితే అద్దె వద్దు."

తలుపు మీద సుద్దముక్కతో 'చేతిపనుల క్లబ్బు' అని రాశాం. కుళాయి దగ్గర బిందెల వరసలో నిలబడి నేనే చాటింపు వేశాను: సాయంత్రాలు రండి, కుట్లూ అల్లికలూ నేర్చుకుందాం అని. గుండీలు కుట్టే ముసలామె మా హాల్లో అందరికంటే పాత మనిషి. గుండీలమ్మ అంటాం. ఆమె బిందె కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"పగలంతా కుట్టి నడుం పడిపోతుంటే, సాయంత్రం సరదాగా మళ్ళీ కుట్టుకుందాం రమ్మంటున్నావా? నీకేమైనా మతి పోయిందా కాలరూ? తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే!"

కుళాయి దగ్గర అందరూ పగలబడి నవ్వారు. నిజమే మరి. వంటమనిషిని విందుకి పిలిచి గరిటె చేతికిచ్చినట్టుంది నా పిలుపు. చాలా రోజులు క్లబ్బులో ముగ్గురమే ఉన్నాం: నేను, మేనకోడలు, తాత. తాత కూడా ఎక్కువసేపు నిద్రపోయేవాడు.

ఒక సాయంత్రం మేనకోడలు బట్ట ముక్క ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

"ఏమైందే?"

"నాన్న చొక్కా భుజాల మీద చిరిగిపోయింది అత్తా. ఒకటి కుట్టిద్దామనుకున్నా. కఫ్ తప్ప నాకేదీ రాదు. నీకు వచ్చా?"

"కాలరు వచ్చు."

"ఇన్నేళ్ళలో కాలరొక్కటేనా?"

మా గేటులోంచి లారీల కొద్దీ చొక్కాలు పోతాయి. వాటిని కుట్టే మాలో ఒక్కరికీ చొక్కా కుట్టడం రాదు. మా అన్నయ్యేమో చిరుగుల చొక్కాతో మూటలు మోస్తున్నాడు. వదిన పోయినప్పుడు ఏడుపొచ్చింది గానీ, ఆ మాట విన్నప్పుడు కోపమొచ్చింది.

మర్నాడు కుళాయి దగ్గర మాట మార్చాను. "ఒక చొక్కా కుడుతున్నాం. కాలరుంది, కఫ్ ఉంది. మిగతా ముక్కలు కావాలి. మీ ముక్క మీరు తెండి" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. గుండీలమ్మ బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. "గుండీలు నేను కుడతాను గానీ, మరి చెయ్యెవరు కుడతారే?" అంది. ఆ సాయంత్రం తనే ఒకామెను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఆమె చొక్కా చేతులు కుడుతుంది. మొగుడు వదిలేసి పోయాడు, ముగ్గురు పిల్లలు, నీడ కదిలినా ఉలిక్కిపడే మనిషి.

ఆమె వెంట ఒకరు, ఆ ఒకరి వెంట ఇద్దరు. పదిమంది దాటాక ఈలకి వాసన తగిలింది. గదిలోకి తొంగి చూశాడు. ఆడవాళ్ళు పీలికలు ముందేసుకుని కూర్చున్నారు. నవ్వుకుంటూ వెళ్ళి మేనేజరుకి చెప్పాడు. మేనేజరు సంతోషించి, పని మెరుగవుతుందని మెచ్చుకుని, గోతాం నిండా కత్తిరింపు ముక్కలు పంపించాడు. మా మొదటి చొక్కా ఆయన దానమే.

ఒళ్ళు భాగం ఎలాగో అతికించాం. కాలరు ఎక్కింది, కఫ్‌లు ఎక్కాయి, గుండీలు మెరిశాయి. అన్నయ్యని పిలిచి తొడిగాం. ఒక చెయ్యి సరిగ్గా కూర్చుంది. రెండోది మెలితిరిగి, కఫ్ ముందుకి తిరిగిపోయి, అన్నయ్య ఎవరికో దండం పెట్టబోయి మానేసినట్టు నిలబడ్డాడు. తాత తడిమి చూసి బల్ల మీద చరిచాడు.

"రెండూ ఎడమచేతులే కదమ్మా! ఇలాంటి మనిషిని నేనింతవరకు చూడలేదు. పైగా గుండీలున్నాయి, కాజాల్లేవు. తొడుక్కున్నవాడు గుండీలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలా?"

వాళ్ళమ్మ పోయాక మేనకోడలు నవ్వడం అదే మొదలు. నవ్వీ నవ్వీ ఏడ్చింది. చేతులు కుట్టిన ఆమె గోడకి అతుక్కుపోయి గొణిగింది: "నాకు ఎడమదే వచ్చు. కుడిది అవతలి హాలు వాళ్ళు కుడతారు. కాజాలు కూడా వాళ్ళవే."

అవతలి హాలు అనగానే గదిలో నవ్వు ఆగిపోయింది. కంపెనీలో రెండు హాళ్ళు. మధ్యలో గోడ, ఎవరి గేటు వాళ్ళది, ఎవరి వేళలు వాళ్ళవి. మాకెప్పుడూ పడదు.

"ఆ దొంగముఖాలా? చొక్కాలు దాచుకుపోయేది వాళ్ళు, తాళం పడింది మనకి!" అని గుండీలమ్మ లేచింది.

"వాళ్ళు దొంగలని ఎవరు చెప్పారు?" అంది మేనకోడలు.

"ఎవరేంటే, ఈల చెప్పాడు."

"అమ్మని గాలికి పోనివ్వని ఈలేనా?"

గుండీలమ్మ మళ్ళీ కూర్చుంది. మేనకోడలు అన్నయ్య ఒంటి మీంచి చొక్కా విప్పించి తన బట్టల మీద తొడుక్కుంది. వద్దంటే వినలేదు. అవతలి హాలు షిఫ్టు వదిలే వేళకి వాళ్ళ గేటు ఎదురుగా వెళ్ళి నిలబడింది. నేను వెనకే వెళ్ళాను. ఆడవాళ్ళు మూగారు. కాజాలు కుట్టే ఒక భారీ మనిషి గట్టిగా నవ్వింది.

"ఏంటే ఈ చొక్కా, తాగినోడు కుట్టాడా?"

"కాదక్కా. మీరు లేకుండా మేం కుట్టాం."

ఆ కాజాలామె నవ్వు ఆపి, దగ్గరికొచ్చి, మెలితిరిగిన చేతిని పట్టుకుని చూసింది. మరుసటి సాయంత్రం పాతికమందితో వచ్చింది.

గది చాలలేదు. బల్ల మీద, గడప మీద, సందులో కూర్చున్నారు. ముందు తిట్లతోనే మొదలైంది.

"మీ చేతివాటం వల్ల మా తలుపులకి తాళాలేశారు!" అంది గుండీలమ్మ.

"మా చేతివాటమా? దొంగలు మీరని, అందుకే మాక్కూడా తాళమని మా సూపర్‌వైజరు ఒట్టేసి చెప్పాడు!" అంది కాజాలామె.

"మాకూ అదే చెప్పారు" అన్నాను.

ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. సందులో ఎవరో బూతు తిట్టారు. అది మాలో ఎవరినీ కాదు.

ఆ తర్వాత మా క్లబ్బు నిజంగా క్లబ్బయింది. కుడిచెయ్యి వాళ్ళు ఎడమచెయ్యి నేర్చుకున్నారు. నేను కాలరు నేర్పాను, మేనకోడలు అందరి చేతా కఫ్‌లు కుట్టించింది. అందరికీ అన్నీ వచ్చాయి. కుడుతూ మాట్లాడుకున్నదంతా తాళం గురించే. తాళం తీసేదాకా రెండు హాళ్ళలోనూ ఒక్క మిషనూ తిరగకూడదని కాజాలామె అంది. ఎడమచెయ్యి ఆమె ఏడ్చేసింది.

"నన్ను పనిలోంచి తీసేస్తే ముగ్గురు పిల్లల్ని ఏం చెయ్యను? మీకేం, మాట్లాడతారు!"

"నువ్వు ఆ గేటు బల్ల మీద పడుంటే వాళ్ళని ఎవరు చూస్తారే?" అంది గుండీలమ్మ. ఎడమచెయ్యి ఆమె కళ్ళు తుడుచుకుంది. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు.

అనుకున్న రోజు ఈల ఊదాడు, మిషన్లు కదల్లేదు. ఆ హాల్లో నా ఊపిరి నాకు వినపడటం అదే మొదటిసారి. గోడ అవతల కూడా చప్పుడు లేదు. ఈల మళ్ళీ ఊదాడు. ముఖం ఎర్రబడేదాకా ఊదాడు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరు మీ నాయకురాలు?"

మేనకోడలు కూర్చున్నచోటి నుంచే అంది: "తాళం తియ్యండి సార్. పని చేస్తాం."

ఆమె వెనక కఫ్‌ల వరసంతా అదే మాట అంది. మేనేజరు, మా వదిన పనిచేసిన ఆ వరస కేసి చూసి, ఫోను దగ్గరికి వెళ్ళాడు.

పోలీసులు ముందు గేటులోంచి వచ్చారు. కఫ్‌ల వరసలో ఉన్న ఆరుగురినీ జుట్టు పట్టి లేపారు. మేం ముందు గేటుకి వెళ్ళే దారికి అడ్డంగా నేల మీద పడుకున్నాం. లాఠీలు పడ్డాయి, లేవలేదు. ఇన్‌స్పెక్టరు విసుక్కుని మేనేజరు మీద అరిచాడు: "వెనక తలుపు లేదా ఈ కొంపకి?"

మేనేజరు జేబులోంచి తాళం చెవి తీశాడు. మా వదిన కోసం తెరుచుకోని తలుపు, ఆమె కూతుర్ని జైలుకి పంపడానికి తెరుచుకుంది. వెలుతురు లోపలికి పడింది. ఆ పిల్లని వ్యానులోకి తోస్తుంటే వెనక్కి తిరిగి అరిచింది:

"అత్తా, తలుపు! మళ్ళీ మూయనివ్వకండి!"

అప్పుడు లేచాం. లోపలి నుంచి మేం, సందులోంచి చుట్టూ తిరిగొచ్చిన అవతలి హాలు వాళ్ళు, ఆ గడప మీద కలుసుకున్నాం. దెబ్బలకి నా చెయ్యి విరిగింది. గుండీలమ్మ నుదురు చిట్లింది. ఆ తోపులాటలో కీళ్ళు ఊడి తలుపే సందులో పడింది. దాన్ని నలుగురాడవాళ్ళు ఎక్కడికో మోసుకుపోయారు. ఎక్కడికో కంపెనీకి ఇప్పటికీ తెలియదు.

తలుపు లేని ఆ హాల్లో మళ్ళీ పని మొదలైంది. గాలి వస్తోంది. ఎవరి ముక్క వాళ్ళు కుడుతున్నాం. నేను ఒంటిచేత్తో కాలర్లు మడతపెడుతున్నాను. ఆ ఆరుగురికీ బెయిలు రాలేదు. వాళ్ళ స్టూళ్ళు ఖాళీగా ఉన్నాయి. కంపెనీ బయటి నుంచి తెచ్చిన వాళ్ళు గేటు దగ్గర మా మాట విని వెనక్కి వెళ్ళిపోయారు. కఫ్‌లు లేని చొక్కాలు గోడ ఎత్తున పేరుకుపోయాయి. నిన్న ఈల మెడలో ఈల లేకుండా వచ్చాడు. బతిమాలే గొంతుతో మాట్లాడటం అతనికి సరిగ్గా రాదు.

"ఎవరైనా నలుగురు కఫ్‌ల మీద కూర్చోండమ్మా. అదేమంత బ్రహ్మవిద్య కాదు. ఏమ్మా, నువ్వు?" అని ఎడమచెయ్యి ఆమె ముందు ఆగాడు. అందరిలోకీ భయస్థురాలు ఎవరో అతనికి బాగా తెలుసు.

ఆమె మిషను ఆపింది. క్లబ్బులో ఆమె ఎన్ని కఫ్‌లు కుట్టిందో మాకందరికీ తెలుసు.

"నాకు ఎడమచెయ్యి ఒక్కటే వచ్చు సార్. మీరు నేర్పింది అదొక్కటే" అంది లేచి నిలబడి. "కఫ్‌లు కుట్టేవాళ్ళు జైల్లో ఉన్నారు. వాళ్ళని పిలిపించండి."