ఇద్దరూ ఒకే పక్క

రెండువేల మూడు. వరుసగా మూడో కరువు. బత్తలపల్లె మైదానంలో గడ్డి కాదు కదా, గడ్డి మొలిచిన గుర్తు కూడా లేదు. శెనక్కాయ చేలు ఎండిపోయి, చేసేందుకు పని లేక, ఊరూరి జనం ఫుట్‌బాల్ ఫైనల్‌కి వచ్చి సున్నపు గీతల చుట్టూ కూర్చున్నారు.

రిఫరీ మద్దిలేటికి జనమంటే భయం లేదు. బెంగంతా లైన్‌మన్ ఓబుళేసు గురించే. పన్నెండేళ్లుగా ఇద్దరూ కలిసే ఆటలు నడుపుతున్నారు. రిఫరీ ఒక మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా పరుగెత్తాలి, లైన్‌మన్ అవతలి అంచున జెండా పట్టుకుని కదలాలి, బంతి ఎప్పుడూ ఇద్దరి నడుమ ఉండాలి. అప్పుడు ఒకరికి కనపడనిది ఇంకొకరికి కనపడుతుంది. ఓబుళేసు జెండా లేచిందంటే ఓడిన జట్టు కూడా నోరెత్తేది కాదు. అదొక్కటే అతను జీవితంలో సంపాదించుకున్న ఆస్తి.

సెమీఫైనల్లో మద్దిలేటి ఒకటి కనిపెట్టాడు. జనం అరిచిన తర్వాత జెండా లేస్తోంది. పక్కకు పిలిచి అడిగితే ఓబుళేసు దాచలేదు.

"షుగరు కండ్లకు దిగిందంటన్నా. బంతి దూరం పోతే మసగ్గా కనపడతాండాది. ఈ ఫైనల్ ఒక్కటీ నిలబడనీ. ఆ పైన మానుకుంటా."

కాదనాల్సింది. మద్దిలేటికి నోరు రాలేదు. "సరే, నేను నీ పక్కకే వచ్చి పరిగెత్తుతా. నన్నే చూస్తా ఉండు. నడుం మింద చెయ్యి పెడితే జెండా ఎత్తు," అన్నాడు.

ఫైనల్లో మొదటి సగమంతా ఆ ఎత్తు బ్రహ్మాండంగా పారింది. జెండా టక్కున లేస్తుంటే జనం మెచ్చుకున్నారు. ఇద్దరూ తమ తెలివికి తామే మురిసిపోయారు, పిచ్చివాళ్లు.

ఆట ఇంకా అయిదు నిమిషాలుందనగా, ఒక గోలు వెనకబడి ఉన్న కొత్తచెరువు జట్టు ఓబుళేసు ఉన్న వైపుకే దూసుకొచ్చింది. కెప్టెన్ జయరాం కొట్టిన బంతి గోలు పై కమ్మీకి తగిలి, గోలుకీపరు కాళ్ల వెనక నేలమీద పడి, బయటికొచ్చింది. మద్దిలేటికి ఆటగాళ్ల వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. అతను ఉండాల్సిన అవతలి పక్క ఖాళీగా ఉంది. ఓబుళేసు వైపు చూశాడు. ఓబుళేసు చెప్పింది చెప్పినట్టు మద్దిలేటినే చూస్తున్నాడు.

చూడని గోలు ఇవ్వకూడదు. ఆట సాగించమని మద్దిలేటి చెయ్యి ఊపాడు.

జయరాం రిఫరీ దగ్గరికి రాలేదు. నేరుగా ఓబుళేసు దగ్గరికి పోయాడు. "ఓబుళేసన్నా, నువ్వు చెప్పు. లోపలికి పోయిందా?"

"పోలేదప్పా."

"అన్న చూసినాడంట, పదండి," అని జయరాం తన జట్టును వెనక్కి తోలుకుపోయాడు. అతను నాలుగు బూతులు తిట్టినా మద్దిలేటికి ఇంత సిగ్గేసేది కాదు.

ఆట ముగిశాక, గెలిచిన జట్టు గోలుకీపరు కిరణ్ బంతి ఇవ్వడానికి వచ్చి గొంతు తగ్గించాడు. "సార్, అది గీత దాటి జానెడు లోపల పడినాది." జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

ఓబుళేసు జెండా చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. "నిజం చెప్పన్నా. అది గోలేనా?"

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని మద్దిలేటికి తెలుసు.

"కాదులే," అన్నాడు.

ఓబుళేసు కూలబడి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "సచ్చేంత భయపడినా. చూడకపోయినా సరిగ్గానే చెప్పినానన్నమాట." తువ్వాలు భుజాన వేసుకుని, "అట్లయితే వచ్చే ఏడు గూడా నన్నే పిలువన్నా. ఇట్లే చేసుకుందాం," అన్నాడు.

ఓడిన జట్టు ట్రాక్టరు కదిలింది. వెనక నిలబడ్డ జయరాం ఓబుళేసు వైపు తిరిగి గౌరవంగా చెయ్యెత్తాడు. ఓబుళేసు అటే చూస్తున్నాడు, కానీ బదులుగా చెయ్యెత్తలేదు. అతని బదులు మద్దిలేటి ఎత్తాడు.