పదునేడు పేరుల లకోటా

వైశాఖమాసపు మధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణసంతప్తమై సముద్రమునుండి వీచు నుప్పుగాలి సైతము వడగాలిగా మాఱి యా రేవుపట్టణపు దివాలా కోర్టు గోడలను గొట్టుచుండ, పంకాత్రాడు లాగు బంట్రోతు కునికిపాట్లు పడుచుండ, చెఱుకుమిల్లి సోమనాథశాస్త్రి యను వృద్ధవైద్యుడు లక్కముద్ర వేసిన లకోటా నొకదానిని ఱొమ్మున కదుముకొని శిరస్తాదారు బల్లయెదుట నిలిచియుండెను. ఆ గదికి రెండు ద్వారము లున్నను పాప మాతనికి వెలికి బోవు త్రోవ యొక్కటియు గానరాలేదు.

ముప్పదియేండ్లు కుష్ఠమను మహావ్యాధిచే బాధపడువారికి చాటుగా చికిత్స చేసి, భస్మములకును రసౌషధములకును అప్పులపాలై, తుదకు దివాలా పిటీషను పెట్టుకొనిన యా శాస్త్రి, మందుల సొమ్ము బాకీయున్న రోగుల పేరులు చెప్పితీరవలయునని యప్పులవారు పట్టుబట్టిరి. స్వస్థులై సంసారములు చేసికొనుచున్న పదునేడుగురి పేరులవి. అవి బయటికి బొక్కెనా, వారి గడప ద్రొక్కువా డుండడు. జడ్జిదొర కనికరించి, జాబితాను ముద్రలో దాఖలు చేయవచ్చుననియు నెవరికిని జూపరాదనియు నుత్తరువిచ్చెను. గండము గడచినదని శాస్త్రి యెంతయో సంబరపడెను.

కాని కచ్చేరిలో దొర యుత్తరువును మించినది వాడుక. కాగితములన్నిటిపై పెత్తనము చేయు శిరస్తాదారు వేంకటరాయుడు కలము చెవికి దగిలించుకొని యిట్లనెను.

"శాస్త్రులుగారూ, ముద్ర విప్పుడు. పేరులు నా రిజిస్టరులో నెక్కించి పిమ్మట కోర్టుముద్ర వేసెదను."

"అయ్యా, ఆ రిజిస్టరు నెవరు చూతురు?"

"రెండణాలు చెల్లించిన వారెల్లరును."

"ఎవరికిని జూపరాదని దొరవారనిరే!"

"లకోటాను జూపరాదనిరి. నేను జూపను. రిజిస్టరు మాట వారనలేదు. నా రిజిస్టరులో నెక్కని కాగిత మిరువదియైదేండ్లుగా దొరవారి బల్లమీదికి బోయి యెఱుగదు."

జాబితాలో నేడవపేరు కామాక్షి. ఈ వేంకటరాయుని యేకైకపుత్రిక. కాపురమునకు బంపకమునుపు తల్లి యామెను ముసుగుతో గొనివచ్చి తండ్రికి సైతము తెలియకుండ మందిప్పించెను. ఇపుడా తండ్రియే తన కూతుపేరు తన చేతితో లోకమునకు వ్రాసి పెట్టబోవుచున్నాడు. వలదని చెప్పుటకు గారణము చెప్పవలయును; చెప్పెనా, గుట్టు రట్టగును. ఆ యొక్క పేరు దాచినను దక్కిన పదాఱుగురి గతి యేమి?

బల్లమీద లక్క కరగించు దీపము వెలుగుచుండెను. శాస్త్రి లకోటాను దానిపై బెట్టెను. వేంకటరాయుడు కేకవేసి లేచులోపలనే యది భగ్గున మండెను. కరగిన లక్క వ్రేళ్లపై బడి కాలుచున్నను, తుదిమొన బూడిదయగువఱకు నాతడు దానిని విడువలేదు.

దొర యాగ్రహించి చెఱ విధించెను. వారంటు వ్రాయుటయు వేంకటరాయుని వంతే యయ్యెను.

"ఈ వయస్సున నెవరికొఱకండీ యీ మొండిపట్టు? వారు మీకేమగుదురు?"

"బిడ్డలు గలవారు, నాయనా."

"నాకు మాత్రము లేరా? మొన్ననే మా కామాక్షికి సీమంతము చేసితిమి," అని వేంకటరాయుడు తడిసిరాపై నిసుక చల్లుచు మురిసిపోయెను.

శాస్త్రి బొబ్బలెక్కిన చేయి యెత్తి, "సుఖప్రసవమగుగాక" యని దీవించి, బంట్రోతువెంట గడప దాటెను.