బీరువా వెనక ఇల్లు

తెల్లారేసరికి హాల్లో తను పడుకునే మడత మంచం మడిచి తలుపు వెనక నిలబెట్టకపోతే తమ్ముడికి పేపరు చదువుకోవడానికి చోటుండదు. మరదలికి ఇస్త్రీ బల్ల వేసుకోవడానికి చోటుండదు. అందుకని ఆవిడ అందరికన్నా ముందే లేచి, ఎవరి కాళ్లకీ అడ్డం రాకుండా బయటపడి, ఆఫీసు తాళం తీసేది. ఆఫీసులో అందరికీ ఆవిడ అక్కగారు. అసలు పేరు జీతాల గుమాస్తాకైనా గుర్తుందో లేదో అనుమానమే.

యూరప్ భాషల్లోని చిన్న చిన్న మాటలు ఎక్కడ పుట్టాయో, ఏ భాషలోకి వెళ్లి ఏ అర్థం తెచ్చుకున్నాయో తేల్చే నిఘంటువు ఆఫీసు అది. అక్కడొక్కటే చికాకు. ఏ మాట మీద పని నడుస్తుంటే ఆ మాట సామానుతో సహా వచ్చి దిగేది. సముద్రానికి స్పెయిన్ వాళ్లు చెప్పుకునే ‘మార్’ మీద పని జరిగినన్నాళ్లూ టైపిస్టు మోకాలి లోతు నీళ్లలో చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగింది. ప్రధాన సంపాదకుడు ఆఖరి ప్రూఫు మీద సంతకం పెడితే మాట తన దారిన పోయేది. సంతకానికి ముందు మాత్రం, “లోపల ఎవరైనా ఉన్నారా?” అని కేకేసి అడగాలి. మనిషి లోపలుండగా సంతకం పెట్టకూడదు. ‘మార్’ వెళ్లేటప్పుడు అడగడం మర్చిపోయారు. పాత అటెండరు దానితోపాటే వెళ్లిపోయాడు. పాపం, తర్వాత క్షేమమేనని కబురంపాడు.

అక్కగారి వంతుకి ఆఖరుగా వచ్చిన మాట ‘దోమ్’. పేరు వినగానే టైపిస్టు దోమల బిళ్లలు కొనుక్కొచ్చింది. తీరా చూస్తే స్టేషనరీ బీరువా వెనక గోడకి తలుపొచ్చింది.

తలుపు తీస్తే చిన్న గది. ఓ మంచం, పొయ్యి, కోటు తగిలించుకునే కొక్కెం, లోపలి నుంచి వేసుకునే గడియ. రష్యా, పోలండ్ భాషల్లో దోమ్ అంటే ఇల్లే మరి. దాని పక్కనే లాటిన్ వాళ్ల ఇల్లు ‘దోముస్’, నడిమింటి కప్పు ఆకాశానికి తెరిచి ఉంది. దాన్ని దాటితే జర్మన్ల గది. వాళ్లకి ఆ మాట పెద్ద చర్చి అయి కూర్చుంది కాబట్టి పైకప్పు ఎక్కడుందో కనపడదు. కొత్త అటెండరు టీ గ్లాసులు అక్కడికి తీసుకెళ్లి పాటలు పాడుకుంటూ కడిగేవాడు. ఓ మూల పోర్చుగీసు పెద్దమనిషొకడు, ‘దోమ్’ అనేది వాళ్లకి గౌరవ బిరుదట, ఎవరైనా లేచి నిలబడతారేమోనని చూస్తూ ఉండేవాడు. ఎవరికీ తీరిక లేదు.

ఆ వారంలోనే ఇంట్లో తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

“అక్కా, ఏమీ అనుకోకు. పాప పెద్దదైంది, పుస్తకాలు పెట్టుకోవడానికి కూడా చోటు లేదు. నువ్వెలాగూ నెలాఖరుకి రిటైరవుతున్నావు కదా. ఓ వృద్ధాశ్రమం చూశాను. వేళకి భోజనం, డాక్టరు కూడా వస్తాడు. ఒకటో తారీఖున నేనే దింపుతాను.”

“నెలనెలా వచ్చి చూసిపోతాం వదినా,” అంది మరదలు గిన్నె కడుగుతూనే.

“అలాగే,” అంది అక్కగారు. ఆవిడ జన్మంతా ఆ ఒక్క మాటతోనే గడిచింది. ఏడుపు రాలేదు, అలసటొచ్చింది. దాని కింద ఎక్కడో కోపం కూడా ఉంది గానీ, లేపి కూర్చోబెట్టే ఓపిక లేదు.

మర్నాడు ఆఫీసులో ఇంకో గది వచ్చి ఉంది. క్రొయేషియా వాళ్లు ఇంటినే కాదు, ముసలివాళ్లని పెట్టే ఆశ్రమాన్ని కూడా దోమ్ అంటారు. వరసగా ఇనప మంచాలు. ఒకదాని మీద పక్క పరిచే ఉంది. అక్కగారు ఆ తలుపు దగ్గరగా వేసి, వచ్చి కుర్చీలో కూలబడింది.

అప్పట్నుంచి పని నత్తనడకన సాగింది. డేనిష్ భాషలో దోమ్ అంటే తీర్పు. దానికీ ఇంటికీ రక్తసంబంధం లేదని, అది వేరే వంశమని తేల్చడానికి రోజులు పట్టించింది. అలా రాయగానే ఆ గది విడిపోయి కారిడార్ చివరికి జరిగింది. మధ్యాహ్నాలు మాత్రం ఆవిడ చిన్న గదిలో గడియ వేసుకుని పడుకునేది. మంచం మీద అడ్డంగా, కాళ్లు బారజాపుకుని పడుకునేది. ఎవరూ ఆవిణ్ని దాటుకుంటూ వెళ్లేవారు కాదు. మొదటిరోజు ఆ సుఖానికి కళ్లనీళ్లొచ్చాయి.

నెలాఖరు వచ్చేసింది. ప్రధాన సంపాదకుడు కలం తీసి ప్రూఫు ముందు పెట్టుకున్నాడు.

“ప్రెస్సు వాళ్లు ప్రాణాలు తోడేస్తున్నారు,” అని గొణుక్కుని, తలుపు వైపు తిరిగి కేకేశాడు. “లోపల ఎవరైనా ఉన్నారా?”

“ఉన్నాను,” అంది అక్కగారి గొంతు.

“బయటికి రండి అక్కగారూ, సంతకం పెట్టేస్తాను.”

“రాను సార్.”

టైపిస్టు టైపు చేయడం ఆపేసింది. ఈ ఆఫీసులో అక్కగారి నోట ఆ మాట ఎవరూ విని ఉండరు.

“ఎప్పుడొస్తారు?”

“ఇల్లొదిలి ఎక్కడికి రమ్మంటారు?”

ఆయన కాసేపు ప్రూఫు వంక, కాసేపు తలుపు వంక చూశాడు. ఆయనా ముసలివాడే, ఆయనకీ విసుగ్గానే ఉంది. ఆ పేజీ తీసి పక్కన పెట్టి, “ఆ మాట లేకుండానే అచ్చుకివ్వండి. అడిగితే ఇంకా పరిశీలనలో ఉందని చెప్పండి,” అన్నాడు. వెళ్తూ వెళ్తూ లోపలికి వినపడేలా, “పొయ్యి సరిగ్గా పనిచేస్తోందా?” అని అడిగాడు.

“కాస్త పొగొస్తోంది. సర్దుకుంటుందిలెండి.”

రాత్రికి రానని ఇంటికి ఫోన్ చేసి చెప్పేసింది. ఒకటో తారీఖున తమ్ముడు కారు మాట్లాడుకుని ఆఫీసుకే వచ్చాడు. అటెండరు బీరువా వెనక్కి దారి చూపించాడు. తమ్ముడు తలుపు తట్టాడు.

“ఎవరూ?” అంది అక్కగారు లోపలి నుంచి.

అరవై ఏళ్లకి దగ్గర పడుతున్న ఆవిడ, తనదంటూ ఉన్న తలుపు వెనక నిలబడి ఆ మాట అడగడం అదే మొదలు.

“నేనే అక్కా,” అన్నాడు తమ్ముడు. లోపల గడియ తీసే చప్పుడు వినపడేదాకా అక్కడే నిలబడ్డాడు.